ఇంటిపెద్ద మాట

గురువారం మధ్యాహ్నం కురిసిన వానకు జూలూరుపాడు హైస్కూలు గ్రౌండులోని కబడ్డీ కోర్టు కాలు పెడితే జారేలా తయారైంది. ఆదివారం బూర్గంపాడులో మండలాల పోటీ పెట్టుకుని వానొచ్చిందని ఇంట్లో కూర్చుంటామా అని రుక్మిణి మేడం కట్టెకోత మిల్లు నుంచి రంపపు పొట్టు తెప్పించింది. ఆమె ఆ బడిలో ఆటల టీచరు. ఆడపిల్లలు పొట్టును చేటలతో చల్లి, వరసగా నిలబడి తొక్కి, నీళ్ళు తేలిన చోట మళ్ళీ చల్లారు. సాయిప్రియ మాత్రం గొంతుక్కూర్చుని రాళ్ళు ఏరుతోంది. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రైడుకు ఎక్కువగా వెళ్ళేది తనే, పడేదీ తనే, రాయి దిగేదీ తన మోకాలికే. చూసేవాళ్ళకు ఊరి మేలు కోసం ఏరుతున్నట్టు కనబడుతుంది గాని అందులో స్వార్థమే ఎక్కువ.

టీము కెప్టెన్ రూప్లి సున్నం డబ్బాతో గీతలు పోస్తోంది. తండా పిల్ల. ఆరో తరగతి నుంచి సాయిప్రియతో ఒకే బెంచీ, ఇంటరు కూడా ఇద్దరూ కలిసే గట్టెక్కారు. రూప్లి పట్టుకు చిక్కిన చీలమండను వదిలించుకోవడం మగపిల్లల వల్ల కూడా కాదని గ్రౌండులో పేరు. సాయిప్రియకు రైడు నేర్పింది ఒక విధంగా ఆమే. ఏ కాలును తాకాలనుకుంటే ఆ కాలు దిక్కు చూడొద్దని, కండ్లు ముందే చెప్పేస్తాయని రోజూ తిట్టి తిట్టి ఆ అలవాటు మాన్పించింది.

ఆట సగంలో ఉండగా గేటు దగ్గర మోటారు సైకిలు ఆగింది. సాయిప్రియ తండ్రి వెంకటకృష్ణ. మెయిన్ రోడ్డు మీద ఆయనకు పురుగుమందుల కొట్టుంది, ఊరవతల పత్తి చేనుంది. పత్తికి పచ్చదోమ పట్టిన ఈ రోజుల్లో కొట్టు వదిలి రావడమే విశేషం. కూతురి ఆట చూడ్డానికి ఆయన రావడం అదే మొదటిసారి.

సాయిప్రియ కూత అందుకుని గీత దాటింది. ఎదురుగా రూప్లి, రూప్లి చెల్లెలు మోతీ, మరో ముగ్గురు చేతులు కలుపుకుని నిలబడ్డారు. సాయిప్రియ కుడివైపుకు జరిగి మోతీ ముఖంలోకి చూసింది. మోతీ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు కోసమే కాచుకున్న సాయిప్రియ మోతీ మీదికి పోతున్నట్టే పోయి, ఎడమ కాలు వెనక్కి చాచి బొటనవేలితో రూప్లి పాదాన్ని తాకింది. అందరూ మీద పడేసరికి వాళ్ళ చేతుల కిందుగా దూరి, బోర్లా పడి, మధ్యగీతను వేలికొసతో అందుకుంది. కూత తెగలేదు. రూప్లి లంబాడీలో ఏదో తిట్టి నవ్వింది.

రుక్మిణి మేడం గేటు దాకా వెళ్ళి వెంకటకృష్ణతో మాట్లాడింది. ఆదివారం జిల్లా క్యాంపుకు పిల్లల్ని ఎంపిక చేసేవాళ్ళు కూడా వస్తున్నారని, మీ అమ్మాయిని కళ్ళు మూసుకుని తీసుకుంటారని చెప్పింది. ఆయన తల ఊపాడు.

"మంచిగ ఆడుతున్నది మేడం. గింత ఆడుతదని నాకెరుక లేదు" అన్నాడు.

మేడం తిరిగి వచ్చాక కూడా ఆయన బండి స్టార్టు చేయకుండా చాలాసేపు దాని మీదే కూర్చున్నాడు. మోచేతి మీది బురద తుడుచుకుంటూ సాయిప్రియ అటు చూసింది. నాన్న మనసు కరిగిందనుకుంది. ఆ సాయంత్రమంతా ఆమెకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఇంటికి వస్తే వేరే లోకం. జూలూరుపాడు మాటను ఆ ఇంట్లో చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచి రావాలి. "ఏంది నాయనమ్మా" అంటే పద్మావతమ్మ "ఏంటి అనాలే" అని దిద్దుతుంది. కొడుకు పుట్టకముందే రేపల్లె వైపు నుంచి భర్త వెంకటనారాయణతో వచ్చి ఇక్కడ కాపురం పెట్టిన మనిషి. ఈ ఊరి ఎండకు, నీళ్ళకు అలవాటు పడింది గాని ఈ ఊరి మాటను మాత్రం వంటింటి గడప తొక్కనివ్వలేదు. తల్లి సుజనది తెనాలి పక్కన పల్లె, ఆమెకు దిద్దే అవసరం కూడా లేదు. ఇక వెంకటకృష్ణ సంగతి తమాషాగా ఉంటుంది. కొట్లో కూర్చుంటే "ఏందన్నా, గిట్లొచ్చినవ్, పత్తి ఎట్లున్నది" అంటాడు. గుమ్మంలో కాలు పెట్టగానే "ఏమ్మా, అన్నం వడ్డించారా" అంటాడు. దారి మధ్యలో ఎక్కడ మారతాడో కనిపెట్టాలని చిన్నప్పుడు సాయిప్రియ బండి వెనక కూర్చుని చెవులు రిక్కించేది. ఎన్నడూ దొరకలేదు.

ఊళ్ళో ఆమెను ఆంధ్రోళ్ళ పిల్ల అంటారు. తెనాలికి పెళ్ళిళ్ళకు వెళ్తే మేనమామ పిల్లలు తెలంగాణ పిల్ల అంటారు, ఇంకోసారి అనవే అని మాటలు పలికించుకుని పడీ పడీ నవ్వుతారు. సాయిప్రియ దేనికీ పెద్దగా బాధపడేది కాదు. అందుకు కారణం వాళ్ళ నాన్నే. ఒకసారి బడి కమిటీ మీటింగులో ఎవరో, వలసొచ్చినోళ్ళకు కమిటీల ఏం పని అన్నారు. వెంకటకృష్ణ కుర్చీ తన్నుకుని లేచి, నా బొడ్డు కోసింది ఈ ఊళ్ళెనే, నన్ను వలసొచ్చినోడు అనేటోడు ముందుకు రమ్మని అరిచాడు. ఎవరూ రాలేదు. వరండాలో నిలబడి విన్న సాయిప్రియకు ఒళ్ళు పులకరించింది. అప్పటి నుంచి ఎవరేమన్నా తన వెనక నాన్న నిలబడి ఉన్నట్టే ఉండేది ఆమెకు.

ఇప్పుడు ఆదివారం పోటీ మీదే ఆమె బతుకంతా వేలాడుతోంది. నీట్ రాసింది, సీటు వచ్చే మార్కులు రాలేదు. మేనమామ కూతురు గుంటూరులో డాక్టరు చదువుతోంది. ఆ మాట సుజన రోజుకొక్కసారైనా అనకుండా ఉండదు. ఖమ్మంలో లాంగ్ టర్మ్ కోచింగుకు హాస్టలుతో సహా మాట్లాడి పెట్టారు, సోమవారం చేరాలి. సాయిప్రియ వెళ్ళనంది. కొత్తగూడెంలో డిగ్రీ చదువుతూ ఆడుకుంటానంది. అలకలు, ఏడుపులు, తినని అన్నాలు అన్నీ అయ్యాక వెంకటకృష్ణే ఒక దారి చెప్పాడు. బూర్గంపాడు పోటీలో జిల్లా క్యాంపుకు ఎంపికైతే కోచింగు మాట ఇక ఈ ఇంట్లో ఎత్తరు. కాకపోతే మాత్రం నోరెత్తకుండా ఖమ్మం బస్సెక్కాలి. సాయిప్రియ సరేనని మాట ఇచ్చింది.

"అన్నం ముందు కూర్చుని చెబుతున్నానమ్మా. నువ్వు ఆడతానంటే నేను వద్దనను" అన్నాడు.

ఆ ఇంట్లో అన్నం ముందు అన్న మాటకు తిరుగులేదు. ఆమె ఎంపిక కాదులే అన్న ధీమాతోనే ఆయన ఆ మాట ఇచ్చాడని సాయిప్రియకు అప్పుడు తట్టలేదు. గురువారం గేటు దగ్గర ఆ ధీమా పోయిందనీ తట్టలేదు. ఆ గురువారం రాత్రి ఆయన సగం అన్నం వదిలేసి లేచాడు. సుజన మాత్రం, మోచేతికి పసుపు రాయి, మచ్చ పడితే రేపెవరు చూస్తారే అని సణుగుతూనే ఉంది.

శనివారం సాయిప్రియ కొట్టుకు అన్నం క్యారేజీ తీసుకెళ్ళింది. రూప్లి తండ్రి దేవ్లా బల్ల ముందు నిలబడి ఉన్నాడు. చేలో కోసుకొచ్చిన పత్తి ఆకులు బల్ల మీద పరిచాడు. వెంకటకృష్ణ ఒక్కో ఆకూ తిప్పి అడుగువైపు చూసి, ఇప్పుడే మందు కొట్టొద్దని, ఇంకో వారం ఆగి చూడమని చెప్పి వట్టి చేతులతో పంపించాడు. అమ్ముకునే మనిషి అలా చెప్పడం అరుదు. ఆ కొట్టుకు తండా అంతా రావడానికి కారణమూ అదే. నాన్న ఊళ్ళో ఇంత మంచి పేరు తెచ్చుకున్నాడని సాయిప్రియ ఎప్పటిలాగే ముచ్చటపడింది.

దేవ్లా వెళ్ళాక ఆయన బల్ల కింద నుంచి ఒక పెట్టె తీశాడు. ఆటకు వేసుకునే బూట్లు. కొత్తగూడెం వెళ్ళి తెచ్చాడట. ఆమెను బస్తాల మీద కూర్చోబెట్టి తనే కింద కూర్చుని తొడిగాడు. ముందువైపు బొటనవేలితో నొక్కి, వేలు తగులుతోందా అని అడిగాడు. సరిగ్గా సరిపోయాయి, తగలడం లేదంది. ఆయన తల ఎత్తకుండా లేసులు విప్పి మళ్ళీ కట్టాడు. ఇంతలో ఫోన్ మోగింది. బల్ల దగ్గరే కూర్చుని రోడ్డు రోడ్డంతా వినబడేలా మాట్లాడే మనిషి, ఫోన్ పట్టుకుని కొట్టు వెనక్కి వెళ్ళి ఏదో నెమ్మదిగా మాట్లాడి వచ్చాడు. ఎవరు నాన్నా అంటే కంపెనీ వాళ్ళన్నాడు. రేపు ఆటకు వస్తానని కూడా చెప్పాడు. సాయిప్రియ ఆ బూట్లు విప్పకుండా వాటితోనే ఇంటికి నడిచింది.

ఆదివారం పొద్దున పిల్లలంతా ట్రాలీ ఆటోలో బయల్దేరారు. కొత్తగూడెం దాటేదాకా పాటలు, పాల్వంచ దాటాక నిద్రలు. బూర్గంపాడు గ్రౌండులో షామియానా వేసి మైకు పెట్టారు. అవతల భద్రాచలం వైపు నుంచి కూడా జనం వచ్చారు. జూలూరుపాడు పిల్లలు ఊరి పేరున్న నీలం బనీన్లు వేసుకుని కాళ్ళు సాగదీసుకుంటున్నారు. అప్పుడు పోటీ పెద్ద రెహమాన్ సార్ రుక్మిణి మేడంను పక్కకు పిలిచాడు. ఆటల టీచరుగా చేసి దిగిపోయిన పెద్దాయన, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు.

సాయిప్రియ ఆ మండలం పిల్ల కాదని, ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళ పిల్లని ఫిర్యాదు వచ్చిందట.

ఆ పోటీలో ఇలాంటి ఫిర్యాదును తేలిగ్గా తీసుకోరు. కిందటేడు కొన్ని టీములు ఎక్కడెక్కడి నుంచో పేరున్న ఆటగత్తెల్ని తెచ్చి, ఆధార్ కార్డుల్లో ఊరు మార్పించి ఆడించాయి. పెద్ద రభస జరిగింది. దాంతో పెద్దలు కార్డుల్ని నమ్మడం మానేసి పాత పద్ధతికి వెళ్ళారు. ఎవరి మీదైనా ఫిర్యాదు వస్తే ఆ పిల్ల ఇంటిపెద్ద కోర్టు గీత దగ్గర చెప్పులు విడిచి నిలబడి, మాది ఫలానా ఊరు అని నలుగురి ముందూ చెప్పాలి. చెబితే ఆట. ఆ తర్వాత ఎవరూ మళ్ళీ నోరెత్తకూడదు. టీచరు మాట గాని, సర్పంచి మాట గాని దానికి పనికిరావు.

రుక్మిణి మేడం ఊరుకోలేదు. ఆరో తరగతి నుంచి నా కళ్ళ ముందు పెరిగిన పిల్ల, ఆమె తండ్రి కూడా మా బడిలోనే చదివాడు, ఇంకేం కావాలని వాదించింది. రెహమాన్ సార్ అంతా విని, నాకు మాత్రం తెల్వదా మేడం, ఇంటిపెద్ద వచ్చి ఒక్క మాట అంటే సాలు అన్నాడు.

అక్కడ సాయిప్రియ ఒక తప్పు చేసింది. ఫిర్యాదు ఎవరిచ్చారా అని చుట్టూ చూసింది. టీముకు అదనంగా వచ్చిన పిల్ల మోతీ ఒక్కతే. సాయిప్రియ ఆడకపోతే ఆమే ఆడుతుంది. మోతీ అప్పటికే జడ బిగించుకుంటోంది. మేడం కట్టుకొమ్మందని కట్టుకుంటోంది, అంతే. కాని కడుపు మండినప్పుడు కళ్ళకు ఏది కావాలో అదే కనబడుతుంది. సాయిప్రియ నేరుగా రూప్లి దగ్గరికి వెళ్ళింది.

"మీ చెల్లెను ఆడిపిద్దామనే గదా? నన్నడిగితే నేనే కూసుంటుంటి."

రూప్లి మోకాలికి పట్టీ చుట్టుకుంటోంది. చెయ్యి ఆగిపోయింది. ఆమె ముఖం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది, సాయిప్రియకు కాలేదు. రూప్లి పట్టీ కొస పట్టుకునే అంది.

"మీ నాయిన వస్తడు గదా. వచ్చి చెప్తడు. ఏడ్వకు."

మళ్ళీ తల వంచుకుని పట్టీ చుట్టుకుంది. తర్వాత ఆ పూట ఆమె సాయిప్రియ వైపు చూడలేదు.

వెంకటకృష్ణ వచ్చేసరికి వేరే టీముల మొదటి ఆట అయిపోవస్తోంది. బండి నిలబెడుతుండగానే సాయిప్రియ కొత్త బూట్లతో పరిగెత్తింది. ఆయాసపడుతూ సంగతంతా చెప్పింది. చెబుతుంటే ఏడుపు పోయి ధైర్యం వచ్చింది. బడి కమిటీలో కుర్చీ తన్నుకుని లేచిన మనిషి తన ముందు ఉన్నాడు. ఇక ఎవడైనా రానీ.

"నువ్వు ఒక్క మాట చెప్పు నాన్నా, చాలు" అంది.

ఆయన హెల్మెట్ తీసి అద్దానికి తగిలించాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. అంత తుడుచుకునే చెమటేం లేదక్కడ. గీత దాకా వచ్చి చెప్పులు విడిచాడు. ఒకటి బోర్లా పడితే కాలితో సరిచేశాడు. రెహమాన్ సార్, ఎదుటి టీము పెద్దలు, రుక్మిణి మేడం, నీలం బనీన్ల పిల్లలు అందరూ దగ్గరికి వచ్చారు. మైకు ఆపారు.

"మాది ఇక్కడ కాదండి" అన్నాడు వెంకటకృష్ణ. "మా నాన్నగారిది రేపల్లె దగ్గరండి. పొలం కోసం వచ్చాం. మీ రూలు ఎలా ఉంటే అలాగే కానివ్వండి."

గుమ్మం బయట ఆయన ఇంటిమాట మాట్లాడగా సాయిప్రియ ఎప్పుడూ వినలేదు. ముందు ఆమెకు అది వేరే ఎవరో మాట్లాడినట్టే అనిపించింది. నాన్న తడబడ్డాడనుకుంది, ఇప్పుడు సర్దుకుని మిగతాది చెబుతాడనుకుంది. ఆయన వంగి చెప్పులు తొడుక్కున్నాడు.

రెహమాన్ సార్ తెల్లబోయాడు. ఎవరినీ నొప్పించాలని లేదు ఆయనకు. అందుకే అడగబోయింది ఇంకా నెమ్మదిగా అడిగాడు.

"నిన్న ఫోన్ల చెప్పింది గూడ మీరే గద సార్? గీ గొంతే. ఎవరో కిట్టనోళ్ళనుకున్న నేను."

వెంకటకృష్ణ ఆయన వైపు చూడకుండా తువ్వాలు భుజాన వేసుకున్నాడు. రుక్మిణి మేడం ఆయన్ని చూసిన చూపు చూసి పిల్లలంతా తలలు తిప్పుకున్నారు. సాయిప్రియకు నిన్న కొట్లో తన కాళ్ళ దగ్గర కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు. పాదాల మీది బూట్లు ఉన్నట్టుండి మంటగా అనిపించాయి. వాటిని అక్కడే విప్పేసింది. ఉత్త కాళ్ళతో వెళ్ళి షామియానా అంచున కూర్చుంది. ఏడుపు రాలేదు. ఏడవడానికైనా మనిషికి కొంచెం నమ్మకం మిగలాలి.

ఆమె స్థానంలో మోతీ ఆడింది. చిన్నపిల్ల, భయపడుతూనే బాగానే ఆడింది. రూప్లి పట్టిన పట్టు ఒక్కటీ జారలేదు. అయినా జూలూరుపాడు కొద్దిలో ఓడిపోయింది. రైడుకు వెళ్ళి తెచ్చే మనిషి లేక ఓడిందని మైకులో వాళ్ళే అన్నారు. జిల్లా క్యాంపుకు చదివిన పేర్లలో రూప్లి పేరుంది. అందరూ చప్పట్లు కొట్టారు, సాయిప్రియ కూడా కొట్టింది. దగ్గరికి వెళ్ళి ఒక్క మాట అనే ముఖం ఆమెకు లేదు. ట్రాలీ ఆటో ఎక్కే ముఖమూ లేదు. అందుకే, ఎవరి వెనక కూర్చోవడం చచ్చినా ఇష్టం లేదో ఆయన బండి వెనకే కూర్చుంది.

పాల్వంచ దాటాక వెంకటకృష్ణ చాయ్ దుకాణం ముందు ఆపాడు. ఆమె తాగనంది. ఆయన గ్లాసు పట్టుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

"నేను వద్దనలేదమ్మా. మాట తప్పలేదు" అన్నాడు.

ఆమె తన ఉత్త కాళ్ళ మీది దుమ్ము దులుపుకుంది.

"ఇరవయ్యేళ్ళుగా కొట్టు నడుపుతున్నాను. ఎవరికి కోపమొచ్చినా ముందు అదే మాట, మీరు యాడికెళ్ళి వచ్చిన్రు అని. అరిచి అరిచి గొంతు పోయింది నాకు. డాక్టరునైతే ఏ ఊరని ఎవరూ అడగరు. జబ్బు సంగతే అడుగుతారు. నీకీ బాధ ఉండకూడదనే."

ఇది అబద్ధం కాదని సాయిప్రియకు తెలుసు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడు. అదే ఆమెను ఎక్కువ మండించింది. చెడ్డవాడైతే అసహ్యించుకుని ఊరుకోవచ్చు.

"నన్ను ఎవరూ అడగలె నాయినా. నువ్వే చెప్పినవ్" అంది.

ఇంటి మనుషులతో ఆమె కావాలని ఊరి మాట వాడడం అదే మొదలు. ఆయన దిద్దలేదు. చాయ్ సగం పారబోసి బండి తీశాడు.

ఇంట్లో సంగతి విని సుజన, పోనీలే, మన మంచికే అయిందని పెట్టెలో బట్టలు సర్దడం మొదలుపెట్టింది. పద్మావతమ్మ మాత్రం మంచం మీద నుంచి లేచి కూర్చుంది. రేపల్లె అన్నాడా, వాడు రేపల్లె ఎన్నడు చూశాడు, మాకే అక్కడ నిలవ నీడ లేక వచ్చాం, వాడి నాన్న బూడిద కలిపింది కూడా ఇక్కడి గోదాట్లోనే కదరా అని కొడుకు వినేలా అంది. వెంకటకృష్ణ పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ ఉండిపోయాడు. ఆయన కాళ్ళు కడుక్కోవడం ఎంతకీ తెమలలేదు.

ఖమ్మం వెళ్ళనని సాయిప్రియ ఆ సాయంత్రం అనలేదు. మాట ఇచ్చింది, ఎంపిక కాలేదు, వెళ్ళాలి. మాట తప్పే మనిషి ఆ ఇంట్లో ఒకరు చాలు అనుకుంది.

సోమవారం పొద్దున బస్టాండులో చాయ్ దుకాణం దగ్గర జనం బాగానే ఉన్నారు. నిన్నటి ముచ్చట ట్రాలీ ఆటోలో అందరికన్నా ముందే ఊళ్ళోకి వచ్చేసింది. వెంకటకృష్ణ పెట్టె దించగానే మాటలు ఆగాయి. ఒకతను చాయ్ అందిస్తూ, మీ రేపల్లె దిక్కు చాయ్ గింత చిక్కగ ఉంటదా సేటూ అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వబోయాడు గాని నవ్వు సరిగ్గా రాలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అప్పుడు దేవ్లా వచ్చాడు. కొట్టు మూసి ఉంటే వెతుక్కుంటూ ఇటు వచ్చాడు. ఎగతాళి తెలియని మనిషి. మనసులో ఉన్నది నేరుగా అడిగేస్తాడు.

"సేటూ, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. మీది గీ ఊరు కాదని నువ్వే అన్నవంట. మా రూప్లి చెప్తే, గట్లెందుకంటడే అని తిట్టిన పిల్లను. నిజమేనా?"

నవ్వినవాళ్ళు కూడా ఇప్పుడు నవ్వు ఆపి చూశారు. వెంకటకృష్ణ గ్లాసు బల్ల మీద పెట్టాడు. చుట్టూ ఉన్నది రోజూ తన కొట్టుకు వచ్చేవాళ్ళే. వాళ్ళ ముఖాలు చూసి, ఆయనకు కొట్టుమాట మళ్ళీ వచ్చేసింది.

"అదేం లేదు దేవ్లన్నా. ఆట ముచ్చట అది, పిల్ల సదువు కోసం అన్న. నేను పుట్టింది ఈడ, పెరిగింది ఈడ, నీకెరుక లేదా? ఇగో, మా పిల్ల ఉన్నది గదా, అడుగు." కూతురి వైపు తిరిగాడు. "చెప్పమ్మా."

అందరూ సాయిప్రియను చూశారు. ఒక్క మాట. అవ్ అంటే చాలు, ఊరు నమ్ముతుంది. ఆయన కళ్ళు బతిమాలుతున్నాయి. నిన్న గీత దగ్గర తన కళ్ళు కూడా ఇలాగే ఉండి ఉంటాయి. ఆమెకు జాలి కలిగింది. తండ్రి మీద అంత జాలి కలగడం ఆమెకు ఎప్పుడూ లేదు. అయినా అవ్ అనే మాట నోటికి రాలేదు.

"నాది ఈ ఊరే కాకా" అంది దేవ్లాతో. "నాయినది ఏ ఊరో నిన్న చెప్పులిడిసి ఆయనే చెప్పిండు. నేను పక్కనే ఉండి విన్న."

చాయ్ దుకాణం అతను అక్కర లేకపోయినా పొయ్యి మంట తగ్గించాడు. వెంకటకృష్ణ ఏదో అనబోయాడు. అది ఏ మాటలో మొదలుపెట్టాలో ఆయనకు తోచినట్టు లేదు.

ఖమ్మం బస్సు వచ్చింది. చేతులకు ఏదో ఒక పని కావాలన్నట్టు ఆయన గబగబా పెట్టె ఎత్తుకుని ఎక్కాడు. సోమవారం కదా, బస్సు కిటకిటలాడుతోంది. లోపలికి తోసుకుంటూ పోయి సీటు కింద పెట్టె దూర్చి, రామ్మా జల్దీ అని పిలిచాడు. మాట ఇచ్చాను, వెళ్ళాలి అని పొద్దుటి నుంచీ తనకు తాను చెప్పుకుంటున్న సాయిప్రియ ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టింది. ఎంపిక కాకపోతే వెళ్తానంది. కాకపోవడానికి తనను ఆడనిచ్చింది ఎవరు? కాలు కిందికి దించుకుంది.

కండక్టరు రైట్ అన్నాడు. కిటికీలో నుంచి వెంకటకృష్ణ ముఖం కనబడింది. ఆపమని ఒక్క కేక వేస్తే బస్సు ఆగుతుంది. కాని ఊరంతా చూస్తుండగా, రానని నిలబడిన కూతురి కోసం కేక వేయాలి. ఆయన కిటికీ కమ్మీ పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. బస్సు మలుపు తిరిగింది.

సాయిప్రియ దేవ్లా వైపు తిరిగింది.

"రూప్లి ఏడున్నది కాకా?"

"చెరువు కాడి చేన్ల. కలుపుకు పోయింది. ఎందుకు బిడ్డా?"

"నిన్న ఒక తప్పు మాటన్న. పోయి చెప్పాలె."

దేవ్లా చెరువు వైపు చెయ్యి చూపాడు. ఆ దారి అంతా బురద ఉందని, చెప్పులు చేత పట్టుకుని పొమ్మని చెప్పాడు. సాయిప్రియ చెప్పులు విడిచి చేత పట్టుకుని రోడ్డు దిగింది.